16ఏసీఆర్ ఆల్టర్నేటర్ రివ్యూ: సరుకు మంచిదే, కానీ కొనే ముందు వైర్లు చూడండి

పాత ఎంజీబీకి, అంటే బ్రిటన్ స్పోర్ట్స్ కారుకి, పెట్టిన కొత్త 16ఏసీఆర్ ఆల్టర్నేటర్ (ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే యంత్రం) గురించి రాస్తున్నాను. బ్రిటన్ కరెంటు సామాను కంపెనీ లూకాస్ పాత డిజైన్‌నే పట్టుకుని ఇప్పుడు తయారు చేస్తున్న రకం ఇది. పాతది విప్పిన చోటే, అవే బోల్టులతో కూర్చుంటుంది. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను, తగ్గించిన ఒక్కటి ఎందుకో కింద ఉంది. అయితే ఈ రివ్యూకి వచ్చినవాళ్లలో చాలామందికి అసలు ఆల్టర్నేటర్ కొనే అవసరమే ఉండకపోవచ్చు. బ్యాటరీ లైటు వెలిగిందంటే చాలు ఆల్టర్నేటర్ పోయిందని తేల్చేసి ఆర్డర్ పెట్టేస్తారు, కొత్తది బిగించాక కూడా లైటు అలాగే వెలుగుతుంటే సరుకు చెత్త అని ఒక స్టార్ ఇచ్చి పోతారు. అలాంటి రివ్యూలు చదివి చదివి విసుగొచ్చింది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

కారు 1971 ఎంజీబీ రోడ్‌స్టర్. ఎంజీబీలు 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారయ్యాయి. 1967 చివరిదాకా వచ్చినవాటికి డైనమో (ఆల్టర్నేటర్‌కి ముందు వాడిన పాత రకం), పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ కొన కారు బాడీకి కలిసి ఉంటుంది. ఆ తర్వాత వచ్చినవి ఆల్టర్నేటర్, నెగెటివ్ ఎర్త్. ఇది ముందు చూసుకోండి, ఎందుకంటే పాజిటివ్ ఎర్త్ కారుకి ఈ సరుకు తగిలించి బ్యాటరీ కలిపారంటే లోపలి డయోడ్లు (కరెంటుని ఒకే వైపు పోనిచ్చే ముక్కలు) క్షణంలో పోతాయి, ఏ గ్యారంటీ కిందా వెనక్కి తీసుకోరు. పైగా ఇంత వయసున్న కార్లలో మధ్యలో ఎవరో ఒకరు ఎర్త్ మార్చేసి ఉండొచ్చు. పుస్తకంలో ఏముందో కాదు, మీ బ్యాటరీలో ఏ కొన బాడీకి కలిసి ఉందో కళ్లతో చూసి కొనండి.

నా కారులో లక్షణం ఇది. పగలు అంతా బాగానే ఉన్నట్టుండేది. రాత్రి హెడ్‌లైట్లు వేస్తే డాష్‌బోర్డు మీద ఎర్ర ఇగ్నిషన్ లైటు మసగ్గా వెలిగేది. పూర్తిగా కాదు, చీకట్లో చెయ్యి అడ్డం పెట్టి చూస్తే తెలిసేంత. హీటర్ ఫ్యాన్ కూడా వేస్తే ఇంకొంచెం పెరిగేది. ఉదయం స్టార్ట్ చేస్తే స్టార్టర్ బద్ధకంగా తిరిగేది.

ఈ ఎర్ర లైటు చాలా సంగతులు చెబుతుంది, కానీ దాని మాట వినడం తెలియాలి. దానికి ఒక పక్క ఇగ్నిషన్ స్విచ్ నుంచి తెల్ల వైరు, ఇంకో పక్క ఆల్టర్నేటర్ నుంచి గోధుమ రంగు మీద పసుపు గీత ఉన్న సన్న వైరు. రెండు పక్కలా వోల్టేజీ ఒకటే అయితే లైటు ఆరిపోతుంది, తేడా ఉంటే ఆ తేడా ఎంతో అంత వెలుగుతుంది. అంటే మసగ్గా వెలిగే లైటు అర్థం ఆల్టర్నేటర్ చచ్చిపోయిందని కాదు, ఆల్టర్నేటర్ దగ్గర ఒక వోల్టేజీ, ఇగ్నిషన్ స్విచ్ దగ్గర ఇంకో వోల్టేజీ ఉందని. లోడు పెరిగే కొద్దీ లైటు కూడా పెరుగుతుంటే మొదటి అనుమానం వైర్ల మీదే. ఇంకో మాట, తాళం తిప్పినప్పుడు ఈ లైటు అసలు వెలగకపోతే సంతోషించకండి. ఆ 2.2 వాట్ల బల్బు గుండా వెళ్లే కొద్దిపాటి కరెంటుతోనే ఆల్టర్నేటర్ మేల్కొంటుంది. బల్బు మాడిపోతే ఇంజన్‌ని బాగా రేజ్ చేసేదాకా ఛార్జింగ్ మొదలు కాకపోవచ్చు. దాని స్థానంలో ఎల్ఈడీ పెట్టినవాళ్లకీ ఇదే ఇబ్బంది, ఎల్ఈడీ గుండా వెళ్లే కరెంటు సరిపోదు, పక్కన ఒక రెసిస్టర్ కలపాల్సి ఉంటుంది.

సరే, చెక్ చేయడం ఎక్కడ మొదలుపెట్టాలి అంటే బ్యాటరీ దగ్గరే. ఆ ఏడాది ఎంజీబీలో సీట్ల వెనక, నేల మూత కింద, రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఒక లింకు కేబుల్. చేతికి అందని చోటు కాబట్టి ఏళ్ల తరబడి ఎవరూ మూత తియ్యరు. పూర్తి ఛార్జిలో ఉన్న బ్యాటరీ కొన్ని గంటలు ఊరికే ఉంచాక 12.6 వోల్టులు చూపించాలి, అంటే ఒక్కోటి 6.3. ఒకటి 6.3, ఇంకోటి 5.8 చూపిస్తే ఇక ఆల్టర్నేటర్ జోలికి పోకుండా ముందు ఆ బ్యాటరీ సంగతి చూడాలి. నావి రెండూ బాగానే ఉన్నాయి. టెర్మినళ్లు మాత్రం పాత టోపీ రకం, పైనుంచి ఒక చిన్న స్క్రూతో బిగించేవి, వాటి లోపల తెల్లటి పొడి పేరుకుపోయి ఉంది. మామూలు బిగింపు క్లాంపులు వేయించి అవి తీసి పారేశాను.

తర్వాత చేసిన పరీక్ష ఒక్కటీ మీరు చేస్తే చాలు, ఈ రివ్యూ రాసినందుకు ఫలితం దక్కినట్టే. ఇంజన్ నడుస్తుండగా, హెడ్‌లైట్లు, హీటర్ ఫ్యాన్ వేసి, ఇంజన్‌ని 2000 ఆర్‌పీఎం దగ్గర ఉంచమని ఎవరినైనా కూర్చోబెట్టి, మల్టీమీటర్ ఒక తీగ ఆల్టర్నేటర్ వెనక లావు టెర్మినల్‌కి, ఇంకోటి నేరుగా బ్యాటరీ పాజిటివ్ కొనకి పెట్టండి. ఎర్త్‌కి కాదు, పాజిటివ్ నుంచి పాజిటివ్‌కి. మీటరు చూపించేది దారిలో పోతున్న వోల్టేజీ. అర వోల్టు లోపు ఉంటే ఫర్వాలేదు. నాకు 1.3 వచ్చింది. ఆల్టర్నేటర్ దగ్గర 14.2 ఉంటే బ్యాటరీ దగ్గర 12.9 మాత్రమే చేరుతోంది. 12.9 తో బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా నిండదు. మోటారు ఎంత కొత్తదైనా పైపులో చెత్త ఇరుక్కుంటే ట్యాంకు నిండదు కదా, అదీ పరిస్థితి.

ఇక ఆ 1.3 వోల్టులు ఎక్కడ పోతున్నాయో పట్టుకోవాలి. మీటరు ఒక తీగ ఆల్టర్నేటర్ దగ్గరే ఉంచి, రెండోదాన్ని దారి పొడవునా ఒక్కో జాయింటు దాటిస్తూ పోతే రీడింగ్ ఎక్కడ ఎగురుతుందో అక్కడే తప్పు. ఈ కార్లలో లావు గోధుమ రంగు వైరు ఆల్టర్నేటర్ నుంచి స్టార్టర్ సోలెనాయిడ్ (స్టార్టర్ మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్) స్టడ్‌కి వస్తుంది, బ్యాటరీ కేబుల్ కూడా అక్కడికే వస్తుంది, ఆ స్టడ్ నుంచే ఫ్యూజు బాక్సుకీ ఇగ్నిషన్ స్విచ్‌కీ కరెంటు. అంటే చూడాల్సిన చోట్లు పెద్దగా లేవు. నా కారులో మొదటి జాయింటే దొరికింది, ఆల్టర్నేటర్ వెనక ప్లగ్. పీకి చూస్తే లోపల లావు లగ్గు (వైరు చివర బిగించే లోహపు కొన) చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి, చల్లారి, గోధుమ రంగులోకి తిరిగి ఉంది. ఇత్తడి లగ్గు వేడికి పదును పోయి వదులైంది, వేలితో నొక్కితే వంగుతోంది, మళ్లీ పైకి లేవడం లేదు. వైరు తోలు కొద్దిగా ఒలిస్తే రాగి నల్లగా ఉంది, ఇంకొంచెం ఒలిచినా నలుపే, బాగా లోపలికి వెళ్లాక గానీ మెరుపు కనిపించలేదు. 20 ఆంపియర్ల కరెంటుకి 1.3 వోల్టులు పోతున్నాయంటే 26 వాట్ల వేడి ఆ వేలెడంత ప్లగ్‌లో పుడుతోందన్నమాట. పార్కింగ్ లైటు బల్బు 5 వాట్లు, అవి ఐదు ఒకేచోట వెలిగినట్టు. ఏ ప్లాస్టిక్ తట్టుకుంటుంది?

ఇలా నల్లబడిన రాగికి కొత్త లగ్గు నొక్కి లాభం లేదు, సోల్డరు కూడా సరిగా పట్టదు. ఆ వైరు మొత్తం మార్చేశాను. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్రిటన్‌లో 84/0.30 అని అమ్ముతారు, అంటే 0.30 మిల్లీమీటర్ల పోగులు 84. 42 ఆంపియర్లు మోస్తుంది. 16ఏసీఆర్ ఇచ్చేది గరిష్ఠంగా 34 ఆంపియర్లు కాబట్టి ఇది చాలు.

ఎర్త్ పక్క కూడా ఇదే పరీక్ష. ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి మీటరు పెడితే పావు వోల్టు దాటకూడదు. ఇక్కడ ఒక చిక్కుంది, ఇంజన్ విప్పి రంగు వేసి బిగించిన కార్లలో ఎక్కువగా చూస్తాం. బ్రాకెట్టు మీద, బ్లాకు మీద మందంగా పెయింటు కొట్టి మెరిపిస్తారు, చూడ్డానికి ఎంతో బాగుంటుంది, కానీ ఆల్టర్నేటర్‌కి ఎర్త్ ఆ బోల్టుల గుండానే. బోల్టు తల కింద, బ్రాకెట్టు ఆనే చోట పెయింటు గీకాలి. ఇంజన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీ తెగినా, బిగించడం మరిచిపోయినా కరెంటు ఊరుకోదు, చోక్ కేబుల్ గుండానో యాక్సిలరేటర్ కేబుల్ గుండానో దారి వెతుక్కుంటుంది. స్టార్టర్ తిప్పాక చోక్ కేబుల్ వేడిగా తగిలితే వెంటనే ఆ పట్టీ చూడండి.

ఇంతవరకు చదివి, వైరు మారిస్తే సరిపోయింది కదా, ఆల్టర్నేటర్ ఎందుకు కొన్నావు అంటారేమో. వైరు మార్చాక లైటు ఆరింది, బ్యాటరీ దగ్గర 14 వచ్చింది, అయినా కారు రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే బ్యాటరీ దిగిపోతూనే ఉంది. ఇంజన్ మంచులా చల్లగా ఉన్న పొద్దున్న ఆల్టర్నేటర్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. అదే సాక్ష్యం. ఆల్టర్నేటర్ లావు వైరు మధ్యలో ఏ స్విచ్చూ లేకుండా ఎప్పుడూ బ్యాటరీకి కలిసే ఉంటుంది, కరెంటు వెనక్కి పోకుండా ఆపేవి లోపలి డయోడ్లే. అవి లీక్ అయితే రాత్రంతా బ్యాటరీ ఆల్టర్నేటర్‌ని వేడి చేస్తూ ఖాళీ అవుతుంది. రూఢి చేసుకోవడానికి ఇంజన్ నడుస్తుండగా మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ దగ్గర చూశాను, 0.8 వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నదానికి 0.1 చుట్టూ ఉంటుంది, 0.5 దాటితే డయోడ్లని అనుమానించాల్సిందే. అప్పుడు ఆర్డర్ పెట్టాను.

డయోడ్లు కాకుండా వేరే జబ్బు అయితే పాతదాన్నే బాగు చేయించుకోవచ్చు. బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) అరిగితే, అంటే బయటికి 5 మిల్లీమీటర్లకంటే తక్కువ కనిపిస్తే, అవి మాత్రం మార్చొచ్చు. రోటర్ (లోపల తిరిగే భాగం) కాయిల్‌కి స్లిప్ రింగుల (బ్రష్‌లు ఆనే రింగులు) మధ్య నాలుగు ఓమ్‌ల చుట్టూ రావాలి, అది ఓపెన్ అయితే కొత్తదే దారి. ఏసీఆర్ రకాలు కొన్నింటికి వెనక సర్జ్ ప్రొటెక్షన్ డయోడ్ ఒకటి ఉంటుంది, అది షార్ట్ అయితే ఛార్జింగ్ పూర్తిగా ఆగిపోతుంది. దాని వైరు విప్పేసి చూస్తే మళ్లీ ఛార్జింగ్ మొదలైందంటే ఆ చిన్న ముక్క మారిస్తే పని అయిపోతుంది. దానికోసం మొత్తం ఆల్టర్నేటర్ పారేసినవాళ్లు ఉన్నారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇప్పుడు సరుకు సంగతి. మొదట వచ్చిన పీసు బాగోలేదు, స్టార్ తగ్గించింది అందుకే. బిగించి స్టార్ట్ చేశాక లైటు ఆరింది, అంతా బాగుంది అనుకునేలోపు మీటరు 15.3 చూపించింది. రేజ్ చేసినా అంతే, లైట్లు వేసినా అంతే. వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ దాన్ని 14 నుంచి 14.5 మధ్య ఎక్కడో పట్టి ఉంచాలి, 15 దాటితే బ్యాటరీలో నీళ్లు ఆవిరైపోతాయి, బల్బులు ముందుగా మాడతాయి. అమ్మినవాళ్లకి ఫోటోలతో సహా పంపితే పాత కార్లు అంతే సార్, కొన్నాళ్లు నడిస్తే సర్దుకుంటుంది అని సమాధానం. సర్దుకోవడానికి అదేమీ కొత్త చెప్పు కాదు, లోపల ఉన్నది ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్, ఉన్న సెట్టింగ్ మారదు. గట్టిగా అడిగాక మార్చి ఇచ్చారు, అది వేరే సంగతి. కానీ మీటరు లేనివాళ్లు, లైటు ఆరింది చాలు అనుకునేవాళ్లు ఆ పీసుతోనే నడిపి బ్యాటరీ పాడు చేసుకునేవాళ్లు, నాకు కోపం వచ్చింది దానికే. బిగించిన రోజే మీటరు పెట్టి చూడటం తప్పనిసరి.

రెండో పీసు మాత్రం శుభ్రంగా ఉంది. బేరింగులు చేత్తో తిప్పితే చప్పుడు లేదు, కేసింగ్ పోత నీటుగా ఉంది. పుల్లీ, ఫ్యాన్ దీంతో రావు, పాతదాని నుంచి తీసి వేసుకోవాలి. షాఫ్ట్ మీద అర్ధచంద్రాకారం కీ ఒకటి ఉంటుంది, పుల్లీ లాగినప్పుడు ఎగిరి ఎక్కడో పడుతుంది, కింద గుడ్డ పరుచుకుని లాగండి. ప్లగ్ కూడా రాదు, ఇది నాకు నచ్చలేదు. 9.5 మిల్లీమీటర్ల లావు లగ్గులు రెండు, 6.3 మిల్లీమీటర్ల చిన్నది ఒకటి పట్టే మూడు కాళ్ల ప్లగ్ కావాలి. మొదట్లో వచ్చిన 16ఏసీఆర్‌లకి రెండు ప్లగ్‌లు ఉండేవి, మీది ఆ రకం అయితే ప్లగ్ మార్చక తప్పదు. పాత మాడిన ప్లగ్‌ని కొత్త ఆల్టర్నేటర్‌కి గుచ్చడం మాత్రం వద్దు, వదులు లగ్గు కొత్తదాన్నీ మాడ్చేస్తుంది.

బెల్ట్ బిగించేటప్పుడు కడ్డీతో ఎత్తాలనుకుంటే ముందు పక్క, పుల్లీ ఉన్న వైపు కేసింగ్ మీదే ఆనించండి. వెనక పక్క ఆనిస్తే అల్యూమినియం పగులుతుంది. పొడవాటి పరుగు మధ్యలో బొటనవేలితో నొక్కితే 13 మిల్లీమీటర్ల దాకా వంగాలి. ఎక్కువ బిగిస్తే దీని బేరింగుతో పాటు వాటర్ పంపు బేరింగ్ కూడా పోతుంది.

పనితీరు చెబుతాను. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో, హెడ్‌లైట్లు, హీటర్ ఫ్యాన్ వేసి ఉంచితే బ్యాటరీ దగ్గర 13.4. 2000 ఆర్‌పీఎం దగ్గర 14.1. ఏసీ రీడింగ్ 0.05. రాత్రి ఎర్ర లైటు పూర్తిగా చీకటి. 34 ఆంపియర్లు తక్కువ కాదా, ఇంకా పెద్దదైన 18ఏసీఆర్ పెట్టొచ్చు కదా అని అడుగుతుంటారు. లెక్క వేయండి. 55 వాట్ల హాలోజన్ లో-బీమ్ రెండు కలిపి 9 ఆంపియర్ల చుట్టూ, పార్కింగ్, టెయిల్ లైట్లు 2, ఇగ్నిషన్ కాయిల్ 3 లేదా 4, వైపర్లు, హీటర్ ఫ్యాన్ కలుపుకున్నా 25 దాటడం కష్టం. మామూలుగా నడిపే కారుకి 16ఏసీఆర్ ధారాళంగా సరిపోతుంది. పెద్ద డ్రైవింగ్ లైట్లు, ఎలక్ట్రిక్ రేడియేటర్ ఫ్యాన్ పెట్టుకున్నవాళ్లు పెద్దది తీసుకోవచ్చు, కానీ అప్పుడు సోలెనాయిడ్‌దాకా వైరు కూడా పెద్దది వేయాలి. ట్రయంఫ్ టీఆర్4 లాంటి పాత బ్రిటన్ కార్లకి డైనమో తీసి పెద్ద ఆల్టర్నేటర్ పెట్టేవాళ్లు ఇంకా జాగ్రత్త పడాలి, ఛార్జింగ్ కరెంటు అంతా డాష్‌బోర్డులో అమ్మీటర్ (కరెంటు ఎంతో చూపే మీటరు) గుండా పోతుంది, ఆ అమ్మీటర్ చిన్న డైనమో కోసం చేసినది.

డైనమో ఉన్నవాళ్లకి ఈ సరుకు నేరుగా పనికిరాదు గానీ వాళ్లు కూడా తొందరపడి మార్చేయకుండా ఒక పరీక్ష చెయ్యండి. ఆ పాత కార్లలో ఉండే సీ40 డైనమో వెనక డీ, ఎఫ్ వైర్లు రెండూ విప్పి, ఆ రెండు టెర్మినళ్లనీ ఒక చిన్న తీగతో కలిపి, అక్కడి నుంచి ఎర్త్‌కి మీటరు పెట్టి ఇంజన్ స్టార్ట్ చేసి మెల్లగా రేజ్ చెయ్యండి. వోల్టేజీ తడబడకుండా గబగబా పెరిగితే డైనమో బంగారం, తప్పు కంట్రోల్ బాక్సుదో (డైనమో వోల్టేజీని అదుపు చేసే పెట్టె) వైర్లదో. 20 వోల్టులు దాటనివ్వకండి. ఒక వోల్టు దగ్గరే ఆగితే ఫీల్డ్ కాయిల్, నాలుగైదు దగ్గర ఆగితే ఆర్మేచర్, ఏమీ రాకపోతే బ్రష్‌లు. ఐడ్లింగ్‌లో ఎర్ర లైటు మిణుకుమనడం డైనమోకి మామూలే, ఆ స్పీడులో అది ఛార్జ్ ఇవ్వదు. కంట్రోల్ బాక్సులో రెగ్యులేటర్ పాయింట్లకి నున్నటి కార్బొరండం పేపరు వాడొచ్చు కానీ కటౌట్ (డైనమోని బ్యాటరీకి కలిపి, విడదీసే స్విచ్) పాయింట్లు వెండివి, వాటిని సన్నని గ్లాస్ పేపరుతోనే తుడవాలి.

లూకాస్ కరెంటు సామాను మీద జోకులు అందరికీ తెలిసినవే, నాకు మాత్రం అవి అన్యాయం అనిపిస్తాయి. బర్మింగ్‌హామ్‌లో తయారైన నా పాత 16ఏసీఆర్ యాభై ఏళ్లు నడిచింది. లోపల పోయింది డయోడ్లు మాత్రమే, వాటిని కూడా ఆ మాడిన ప్లగ్ వేడే తినేసిందని నా గట్టి అనుమానం. డయోడ్ ప్యాక్ దొరికితే దాన్ని మళ్లీ కట్టించి దాచుకుంటాను.

చివరగా, కొనేవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు ఒక ప్లగ్‌దా రెండు ప్లగ్‌లదా, రెగ్యులేటర్ ఎన్ని వోల్టుల దగ్గర పడుతుంది అని రాతపూర్వకంగా అడగండి. నడుస్తున్న ఇంజన్‌లో బ్యాటరీ వైరు పీకి ఛార్జింగ్ ఉందో లేదో చూపిస్తానని ఏ మెకానిక్ అన్నా వద్దని చెప్పండి, ఒక్కసారి పీకితే వోల్టేజీ ఎగిసి కొత్త డయోడ్లూ రెగ్యులేటరూ అక్కడికక్కడే పోవచ్చు. కొత్త బెల్ట్ కూడా వేసి ఉంటే కొద్ది రోజులు నడిపాక సాగుతుంది, మళ్లీ ఒకసారి బిగించుకోండి.